శాసనసభ ప్రశ్నోత్తరాలు – కంచన్‌బాగ్

హైదరాబాద్ పాతబస్తీలోని కంచన్‌బాగ్ చాంద్రాయణగుట్ట నియోజకవర్గంలో ఉంది. 1999 నుంచి ఇక్కడ వరుసగా గెలుస్తున్నది మజ్లిస్ నేత అక్బరుద్దీన్ ఒవైసీ. ఇక్కడి సమస్యలపై ప్రభుత్వాన్ని అడిగే వేదిక శాసనసభ.

రాజ్యాంగం 164వ అధికరణ ప్రకారం మంత్రిమండలి శాసనసభకు సమష్టిగా బాధ్యత వహించాలి. ఆ బాధ్యతకు పరీక్ష ప్రశ్నోత్తరాల సమయం. నక్షత్ర గుర్తు ప్రశ్నకు మంత్రి సభలో లేచి జవాబివ్వాలి. గుర్తు లేనిదానికి రాతపూర్వక సమాధానం చాలు. అసలు పదును ఆ జవాబుపై అక్కడికక్కడే అడిగే అనుబంధ ప్రశ్నలదే. ముందే రాసుకొచ్చిన జవాబు అక్కడ సరిపోదు.

ఇలా ప్రశ్నించే హక్కుకున్న హద్దు కంచన్‌బాగ్‌లో కళ్లెదుటే కనిపిస్తుంది. 1970లో ఏర్పడిన భారత్ డైనమిక్స్, 1973 నాటి మిధాని, డీఆర్‌డీఓ ప్రయోగశాలలు కేంద్ర రక్షణ శాఖవి. వాటి గురించి అడగాల్సింది పార్లమెంటులో. ఆ ప్రహరీల బయటి బస్తీలకు అందే తాగునీరు, కరెంటు, సర్కారు బడి, దవాఖానా మాత్రం రాష్ట్రం జవాబు చెప్పాల్సినవి.

రాష్ట్రం జవాబు చెప్పాల్సిన విషయాలకు పాతబస్తీ మెట్రో మంచి ఉదాహరణ. ఫలక్‌నుమా దాకా వేయాల్సిన మార్గం 2020లో ఎంజీబీఎస్ దగ్గరే ఆగింది. మజ్లిస్ సభ్యులు సభలో దీనిపై ప్రభుత్వాన్ని నిలదీస్తూ వచ్చారు. ఫలక్‌నుమా వరకు పొడిగింపునకు 2024 మార్చి 8న ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి శంకుస్థాపన చేశారు. జవాబుకు ఇన్నేళ్లు పట్టడం మాత్రం పాతబస్తీకి జరిగిన అన్యాయమే.