పత్రిక వెనక మరో కొట్టు

ఏటా మార్చి మొదటి రోజుల్లో తెలుగు దినపత్రికల లోపలి పేజీల్లో ఒక చిన్న పెట్టె వచ్చేది. టెండర్ నోటీసులకూ పేరు మార్పు ప్రకటనలకూ మధ్య ఇరుక్కుని ఉండడంతో చాలామంది కంట్లో పడేది కాదు. పైన 'ఫారం 4' అని ఉండేది. పత్రిక ఎక్కడ అచ్చవుతుంది, అచ్చువేసేది ఎవరు, సంపాదకుడు ఎవరు అన్నది వరుసగా చెప్పి, ఆఖరి గడిలో మొత్తం పెట్టుబడిలో ఒక శాతానికి మించి వాటా ఉన్నవాళ్ల పేర్లు, చిరునామాలు వేసేవారు. మా ఊరి గ్రంథాలయానికి రోజూ వచ్చే రిటైర్డ్ మాస్టారు ఒకాయన కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, కాగితం ముక్కు దగ్గర పెట్టుకుని ఆ పెట్టె చదివేవారు. "ఇది చదివాకే మిగతాది చదవాలిరా" అనేవారు. ఆయన మాట నాకు బోధపడడానికి చాలా ఏళ్లు పట్టింది.

1867 నాటి ప్రెస్ చట్టం పత్రిక మీద ముద్రాపకుడి పేరూ ప్రచురణకర్త పేరూ ఉండాలంది. డబ్బు ఎవరిదని అడగలేదు. తెల్లదొరలకు కావలసింది కేసు పెట్టడానికి ఒక మనిషి, అంతే. స్వాతంత్ర్యం వచ్చాక 1952లో వేసిన మొదటి ప్రెస్ కమిషన్ పత్రికలు ఎవరి చేతుల్లో ఉన్నాయన్న సంగతి పట్టించుకుంది. 1956లో వార్తాపత్రికల రిజిస్ట్రార్ కార్యాలయం, దానితో పాటు ఆ చిన్న పెట్టె పుట్టాయి.

కానీ తెలుగు పత్రికల వెనక ఉన్న డబ్బు కథ అంతకన్నా పాతది. దాని మొదటి పెద్ద అధ్యాయం ఒక తలనొప్పి మందు సీసాలో ఉంది.

కాశీనాథుని నాగేశ్వరరావు పుట్టింది కూడా 1867లోనే, కృష్ణా జిల్లా ఎలకుర్రులో. చదువు బందరులో, మద్రాసులో. ఉద్యోగం వెతుక్కుంటూ బొంబాయి చేరి, 1893లో అమృతాంజనం తయారీ మొదలుపెట్టారు. ఘాటైన వాసనతో, పసుపు రంగులో ఉండే ఆ లేపనాన్ని సంగీత సభల్లో ఉచితంగా పంచిపెట్టేవారట. కణతలకు రాసుకున్నవాళ్లు మర్నాడు కొట్టుకు వచ్చి కొనుక్కునేవారు. ఊరూరా ఆ సీసా చేరింది. మా నాయనమ్మ ట్రంకుపెట్టెలో చీరల మడతల మధ్య ఒకటి ఎప్పుడూ ఉండేది, పెట్టె తెరిస్తే కర్పూరం కన్నా ముందు ఆ వాసనే వచ్చేది.

1907లో సూరత్ కాంగ్రెస్ సమావేశం చూసి వచ్చాక నాగేశ్వరరావుకు తెలుగువాళ్లకు ఒక పత్రిక కావాలనిపించింది. 1908లో బొంబాయిలోనే ఆంధ్రపత్రిక వారపత్రికగా వెలువడింది. తెలుగు నేలకు అంత దూరంలో వారం వారం పత్రిక నడపాలంటే చేతిలో డబ్బు ఆడుతూ ఉండాలి. ఆ డబ్బు బామ్ సీసా ఇచ్చింది. 1914 ఏప్రిల్‌లో పత్రిక మద్రాసుకు మారి దినపత్రిక అయింది. నాలుగు నెలలకే యూరప్‌లో యుద్ధం మొదలై, రోజూ వార్త కోసం ఎదురుచూసే అలవాటు తెలుగువాళ్లకు వచ్చింది. తర్వాత 1924లో భారతి మాసపత్రిక, ఆపైన ఆంధ్ర గ్రంథమాల. తెలుగు సాహిత్య పరిశోధనలో అరవై ఏళ్ల పాటు భారతిలో అచ్చయిన వ్యాసానికి ఉన్న విలువ వేరే దేనికీ లేదు. ఆ కాగితం ఖర్చులో జనం తలనొప్పుల వాటా ఉంది.

నాగేశ్వరరావు యజమాని, సంపాదకుడు, కాంగ్రెస్ నాయకుడు కూడా. ఈ మూడూ ఒకే మనిషిలో ఉండడం ఆ కాలంలో ఎవరికీ తప్పుగా తోచలేదు. 1937 నవంబరు 16న కోస్తా, రాయలసీమ నాయకులు కూర్చుని ఒడంబడిక రాసుకున్నది మద్రాసులోని ఆయన ఇంట్లోనే. ఇంటి పేరు శ్రీబాగ్ కాబట్టి అది శ్రీబాగ్ ఒడంబడిక అయింది. రాజధాని, హైకోర్టు ఎక్కడన్న వాదన వచ్చినప్పుడల్లా నేటికీ ఆ పేరే పైకి వస్తుంది. పత్రిక యజమాని హాలులో కూర్చుని రాసిన కాగితం రాష్ట్రాల దారి నిర్ణయించడం తెలుగు చరిత్రలో అప్పుడే మొదలైంది. ఆయనకు దేశోద్ధారక అన్న బిరుదు ఊరికే రాలేదు. ఆ గౌరవం నాకూ ఉంది. అయినా ఇక్కడొక సంగతి గమనించాలి. ఆయన మంచివాడు కావడం వల్ల ఆ అధికారం మంచికి పనికొచ్చింది. చెడ్డవాడైతే ఆపే ఏర్పాటు మాత్రం అప్పుడేమీ లేదు.

మరో కొట్టు లేని పత్రికల సంగతి చూడాలంటే నిజాం రాజ్యానికి వెళ్లాలి. 1922లో వరంగల్లు ప్రాంతపు ఇనుగుర్తి గ్రామంలో ఒద్దిరాజు సోదరులు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు తెనుగు పత్రిక పెట్టారు. రైలు కూడా లేని పల్లెలో సొంత ప్రెస్సు. రాయడం, అక్షరాలు కూర్చడం, అచ్చు తీయడం, చిరునామాలు రాసి తపాలాకు వెయ్యడం అంతా అన్నదమ్ములే. అదే ఏడు నల్లగొండ నుంచి నీలగిరి వచ్చింది. రెండూ కొద్ది ఏళ్లకే ఆగిపోయాయి. 1926లో సురవరం ప్రతాపరెడ్డి సంపాదకత్వంలో మొదలైన గోలకొండ పత్రిక గట్టిగా నిలబడింది. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా 1934లో 354 మంది కవులతో అది తెచ్చిన సంచిక గురించి చదివినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది. బామ్ సీసా అండ లేకుండా చేసిన పని అది.

మద్రాసులో ఈలోగా మరో రకం యజమాని వచ్చాడు. బీహారు దర్భంగా నుంచి వ్యాపారం మీద వచ్చిన మార్వాడీ, రామ్‌నాథ్ గోయెంకా. ఇండియన్ ఎక్స్‌ప్రెస్‌ను చేతుల్లోకి తీసుకున్నాక, 1938 ఆగస్టు 15న ఆంధ్రప్రభ మొదలుపెట్టారు. నాగేశ్వరరావు కన్నుమూసి అప్పటికి నాలుగు నెలలు. ఆంధ్రపత్రిక ఒక ఇంటి పత్రిక. ఆంధ్రప్రభ మాత్రం ఇంగ్లిషు, తమిళ పత్రికలతో కలిసి ఒక గొలుసులో కట్టిన పూస. తెలుగువాడు కాని యజమాని, తెలుగు రాసే సంపాదకుడు, ఇలా మొదటిసారి రెండు కుర్చీలు పడ్డాయి. ఖాసా సుబ్బారావు తర్వాత కొన్నాళ్లకు సంపాదకుడి కుర్చీలోకి నార్ల వెంకటేశ్వరరావు వచ్చారు. గ్రాంథికపు బిగువు వదిలించి, రైతుకీ గుమాస్తాకీ అర్థమయ్యే తెలుగును దినపత్రికలోకి తెచ్చారు. జనం పత్రికను నార్ల ప్రభ అనుకున్నారు. దస్తావేజుల్లో అది గోయెంకా ప్రభ.

1959లో మద్రాసులో కార్మికుల వివాదం ముదిరింది. యాజమాన్యం అక్కడ మూతవేసి ఆంధ్రప్రభను విజయవాడకు తరలించింది. యజమానితో పొసగక నార్ల బయటికొచ్చారు. 1960లో పారిశ్రామికవేత్త కె.ఎల్.ఎన్. ప్రసాద్ విజయవాడలో ఆంధ్రజ్యోతి పెట్టి ఆయన్ను సంపాదకుణ్ణి చేశారు. నార్ల అంతటి మనిషికి కూడా యజమానిని మార్చుకోవడం సాధ్యమైంది గాని, యజమాని లేకుండా దినపత్రిక నడపడం సాధ్యం కాలేదు. 1952లో విరాళాలతో వచ్చిన విశాలాంధ్ర వేరే దారి తొక్కింది. అక్కడ యజమాని స్థానంలో కమ్యూనిస్టు పార్టీ ఉంది.

గోయెంకా గురించి ఇంకో మాట చెప్పకపోతే అన్యాయం. 1942లో సెన్సారు ఆంక్షలకు తలవంచి అచ్చువెయ్యడం కన్నా మూసేయడం మేలని తన పత్రికలు ఆపేశారు. ఎమర్జెన్సీలో ఢిల్లీ ప్రెస్సుకు కరెంటు తీసేశారు, ఆయన సంస్థ బోర్డులో ప్రభుత్వం తన మనుషుల్ని కూర్చోబెట్టింది. తర్వాత 1980లో ఢిల్లీలోని ఎక్స్‌ప్రెస్ భవనాన్ని కూల్చేస్తామని నోటీసులు వచ్చాయి. వాటిని సుప్రీంకోర్టు 1985లో కొట్టేసింది. సంపాదకీయం మీద కోపం వస్తే భవనం ప్లాను మీద తీర్చుకోవడం దేశమంతా చూసింది. పత్రికకు అన్నం పెట్టే ఆస్తే, పాలకుల చేతికి అందే జుట్టు.

ఆ జుట్టు తెలుగునాట మరింత పొడుగ్గా పెరిగింది. కృష్ణా జిల్లా పెదపారుపూడి రైతు కుటుంబంలో పుట్టిన చెరుకూరి రామోజీరావు 1962లో మార్గదర్శి చిట్‌ఫండ్ పెట్టారు. 1969లో రైతుల కోసం అన్నదాత. 1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో ఈనాడు. మొదటి సంపాదకుడు ఎ.బి.కె. ప్రసాద్. విశాఖనే ఎందుకు ఎంచుకున్నారన్నది తెలుసుకోవలసిన విషయం. అప్పటికి దినపత్రికలు విజయవాడలో అచ్చయి, రైలెక్కి, బాగా పొద్దెక్కాక అక్కడికి చేరేవి. కాఫీ వేళకు పత్రిక గుమ్మంలో ఉంటే పోటీయే ఉండదని రామోజీరావు లెక్కేశారు. ఏజెంటు సైకిలు చీకటితోనే బయల్దేరాలి, అందుకు ప్రెస్సు ఊళ్లోనే ఉండాలి. మరుసటి ఏడు హైదరాబాదు, 1978లో విజయవాడ, ఆ తర్వాత తిరుపతి. 1989లో జిల్లా పేజీలు విడిగా పుస్తకంలా వచ్చాయి. పక్క ఊరి పెళ్లి బస్సు బోల్తా, మండలాఫీసు ధర్నా, స్కూల్లో ఆటల పోటీలు ఫోటోతో సహా కనిపించాయి. అంతవరకు పత్రిక ముట్టని ఇళ్లు చందా కట్టాయి. చిన్న కొట్టు యజమానికి తన జిల్లా వరకే ప్రకటన ఇచ్చుకునే వీలు దొరికింది. పత్రిక ధర కాగితం ఖర్చుకే చాలదు. మిగతాది ప్రకటనలు మొయ్యాలి, ఆ ప్రకటనలు ఇచ్చే పెద్ద చేతుల్లో ప్రభుత్వానిది ఒకటి.

1982లో ఎన్.టి. రామారావు పార్టీ పెట్టి ఊళ్ల మీద పడినప్పుడు ఈనాడు ఆయన పర్యటనలకు పెద్దపీట వేసింది. తొమ్మిది నెలల్లో తెలుగుదేశం గద్దెనెక్కింది. పత్రిక గెలిపించిందనడం జనాన్ని చిన్నబుచ్చడమే. కాంగ్రెస్ మీద విసుగు అప్పటికే ఇళ్లల్లో ఉంది. రోజూ తెల్లవారుజామునే దానికి అచ్చు రూపం ఇచ్చింది పత్రిక. అదే సమయంలో శాసనమండలి వార్తకు 'పెద్దల సభలో గలభా' అన్న శీర్షిక పెట్టినందుకు సభాహక్కుల కేసు వచ్చింది. పోలీసులు కార్యాలయానికి వెళ్లారు, సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. 1985లో రామారావు ప్రభుత్వం ఆ మండలినే రద్దు చేయించింది.

1984 చివర సినీ దర్శకుడు దాసరి నారాయణరావు ఉదయం తెచ్చారు. యువ విలేఖరులతో నిండిన పత్రిక, చదివినవాళ్లు ఇప్పటికీ ప్రేమగా తలుచుకుంటారు. ఆర్థిక భారం మోయలేక అది చేతులు మారి, మద్యం వ్యాపారి మాగుంట సుబ్బరామిరెడ్డి దగ్గరికి చేరింది. ఆయన సొంత జిల్లా నెల్లూరులోనే, దూబగుంటలో ఆడవాళ్లు సారా కొట్లు మూయించారు. 1992 నాటికి ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. ఈనాడు దాన్ని తన ఉద్యమంగా భుజానికెత్తుకుని రోజూ పేజీలు కేటాయించింది. ఉదయంలో పనిచేసే విలేఖరి కుర్చీలో నన్ను నేను ఊహించుకుంటే గుండె బరువెక్కుతుంది. ఆ ఆడవాళ్ల వార్త రాసి డెస్కుకు ఇచ్చే ముందు, జీతం ఇచ్చే చెయ్యి గుర్తుకు రాకుండా ఉంటుందా? ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదు. యాజమాన్యపు ప్రభావంలో పెద్ద వంతు ఇలా ఎవరూ చెప్పకుండానే పనిచేస్తుంది.

1991లో ఆంధ్రపత్రిక ఆగిపోయింది. అమృతాంజనం మందుల కొట్లో ఇప్పటికీ దొరుకుతోంది.

1995లో ఈటీవీ, 2004లో ఇరవై నాలుగు గంటల వార్తలతో టీవీ9, ఆ తర్వాత వార్తా ఛానళ్ల వరద. 2008 మార్చిలో అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి కుమారుడు జగన్‌మోహన్‌రెడ్డి సాక్షి తెచ్చారు. ఒకే రోజు 23 ఎడిషన్లు, అన్ని పేజీలూ రంగుల్లో. అంతకు ముందు 2006లోనే రామోజీరావుకు చెందిన మార్గదర్శి ఫైనాన్షియర్స్ డిపాజిట్ల మీద అప్పటి ఎంపీ ఉండవల్లి అరుణ్‌కుమార్ ఫిర్యాదు చేయడం, ప్రభుత్వం విచారణ వేయడం జరిగాయి. ఆ వ్యాజ్యం ఏళ్ల తరబడి కోర్టుల్లో నడిచింది. 2012 మేలో సీబీఐ సాక్షి బ్యాంకు ఖాతాలను స్తంభింపజేసింది. ఆ కేసుల్లో న్యాయం ఎటున్నదో తేల్చాల్సింది కోర్టులు. పాఠకుడిగా నన్ను బాధించింది ఇంకొకటి: రెండు సందర్భాల్లోనూ ఏ పత్రిక చదివితే ఆ సగమే తెలిసేది. రెండూ కొనగలిగినవాడికే పూర్తి వార్త.

కొత్త రోజుల్లో జుట్టు కేబుల్ తీగలోకి దిగింది. 2014 జూన్‌లో తెలంగాణలో కేబుల్ ఆపరేటర్లు టీవీ9, ఏబీఎన్ వార్తా ఛానళ్లను ఆపేశారు. 2024 జూన్‌లో ప్రభుత్వం మారగానే ఆంధ్రప్రదేశ్‌లో సాక్షి, టీవీ9, ఎన్టీవీ కనిపించకుండా పోయాయి. ప్రెస్సుకు తాళం లేదు, సెన్సారు అధికారి లేడు. మన ఇంట్లో రిమోట్ నొక్కితే తెర ఖాళీగా ఉంటుంది, కింద సిగ్నల్ లేదని ఒక వాక్యం. ఎవరు ఆపించారన్నది ఆ తెర చెప్పదు. ఆ ఛానల్లో ఎవరికి ఎంత వాటా ఉందో, మన వీధికి వచ్చే తీగ ఎవరి కంపెనీదో చూపించే ఫారం 4 లాంటి పెట్టె టీవీలో నేనెన్నడూ చూడలేదు. మాస్టారు ఇప్పుడుంటే కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి ఆ తెరలో దానికోసమే వెతికేవారు.