అదాలతు, సుబేదారి: జూరీలేని నేరవిచారణము

హనుమకొండ పట్టణమున అదాలతు, సుబేదారి యను పేటలు రెండు కలవు. మొదటి పేరు నిజాము రాష్ట్రపు న్యాయస్థానమునకును, రెండవది ఆ రాష్ట్రపు నాలుగు సుబాలలో నొకటియైన వరంగల్లు సుబాను పాలించిన యధికారికిని గుర్తులు. తీర్పరి కొకచోటు, పాలకున కొకచోటు. కాలక్రమమున ఆ పాలకులలో నొకడు హత్యానేరమునకై వరంగల్లు న్యాయాధిపతి యెదుట ముద్దాయిగా నిలువవలసి వచ్చెను. అతనికి మరణదండనము విధించినవాడు ఒకే యొక న్యాయాధిపతి. ఆ న్యాయాధిపతి ప్రక్కన జూరీ లేదు.

నేరవిచారణమున జూరీ యుండవలెనా, అది లేకయు న్యాయము జరుగునా యను ప్రశ్న ఈ వ్యాజ్యమునకంటె మిక్కిలి పురాతనమైనది. జూరీ యాంగ్లేయుల సొత్తనియు, మనకు పరాయిదనియు కొంద రందురు. పూర్వపు సభలును పంచాయతులును జూరీలే యని మరికొంద రందురు. ఈ రెండవ మాట వినసొంపుగా నుండుటచేత గాబోలు, పరీక్షింపబడకయే వ్యాపించినది.

ఓరుగంట గణపతిదేవుడు రాజ్యమేలిన 13వ శతాబ్దముననే, తిక్కనకు సమకాలికుడైన కేతన విజ్ఞానేశ్వరుని మితాక్షరను ఆధారముగా గొని తెలుగున ధర్మశాస్త్రమును రచించెను. మితాక్షరకు మూలమైన యాజ్ఞవల్క్యస్మృతి వ్యవహారాధ్యాయారంభముననే న్యాయసభను వర్ణించుచున్నది. రాజు క్రోధలోభములు విడిచి, విద్వాంసులైన బ్రాహ్మణులతో గూడి వ్యవహారములను చూడవలెను. శత్రుమిత్రులయెడ సమబుద్ధి గలవారిని, సత్యవాదులను, ధర్మజ్ఞులను సభ్యులుగా నియమింపవలెను. రాజునకు తీరికలేనిచో అతనికి మారుగా నొక బ్రాహ్మణుడు సభ్యులతో గూర్చుండి విచారింపవలెను. ఒంటరితీర్పు మన శాస్త్రకారులకు సమ్మతము గాదనుట కింతకంటె నిదర్శన మక్కరలేదు.

అయినను ఈ సభ్యుడు జూరీ సభ్యుడు కాడు. ఇతడు రాజుచే నియమింపబడినవాడు, శాస్త్రము చదివినవాడు. జూరీలోనివాడో, శాస్త్ర మెరుగనివాడు గనుకనే జూరీలో నుండును. అతడు సంగతి నిజమా కాదా యని మాత్రమే చెప్పి వెడలిపోవును. తాను చెప్పినదానికి కారణము చూపడు, దానికై దండనము నొందడు. స్మృతిలోని సభ్యునకట్టి వెసులుబాటు లేదు. రాగముచేతగాని, లోభముచేతగాని, భయముచేతగాని స్మృతివిరుద్ధముగా దీర్పు చెప్పిన సభ్యులలో ప్రతివాడును ఓడినవానికి విధింపదగిన దండమునకు రెట్టింపు చెల్లింపవలెనని యాజ్ఞవల్క్యుని శాసనము. తీర్పరికి జరిమానా! నేటి న్యాయస్థానములలో నీ విధి నమలుపరచినచో ఎంతమంది యా పీఠమునకు ముందుకు వత్తురో యూహింపవలసినదే.

శాస్త్రవేత్తలుగాని సామాన్యుల కా సభలో చోటు బొత్తిగా లేకపోలేదు. కులశీలములు గల కొందరు వర్తకులు సభలో నుండవలెనన్న కాత్యాయనుని మాటను మితాక్షర యుదాహరించినది. జూరీకి మన గ్రంథములలో కనుపించు మిక్కిలి దగ్గరి పోలిక యిదియే. ఇక పంచాయతుల మాట. కులము, శ్రేణి, పూగము అను జనసభలు వ్యవహారములను దీర్చుట కధికారము గలవని స్మృతులు నిస్సంశయముగా జెప్పుచున్నవి. కాని బృహస్పతి యొక మినహాయింపు జేసినాడు: సాహసములు, అనగా బలాత్కారముతో గూడిన నేరములు, ఆ సభలకు చెందవు, అవి రాజసభకే చెందును. అప్పులు, హద్దులు, పాలిపంపకములు జనులు తీర్చుకొనవచ్చును. హత్య మాత్రము రాజు తీర్పవలెను. జూరీ యెక్కడ ముఖ్యముగా గావలెనో సరిగా నక్కడనే పంచాయతి తొలగిపోవుచున్నది. కావున పంచాయతియే జూరీ యనువారి వాదము ఈ గట్టున నిలువజాలదు.

ఇంకొక మాటయు జెప్పవలెను. శాస్త్రమున నున్నదెల్ల కాకతీయుల రాజ్యమున నాచరణలో నుండెననుట చరిత్ర గాదు. 1163వ సంవత్సరపు వేయిస్తంభాల గుడి శాసనము రుద్రదేవుని విజయములను గీర్తించుచున్నది. మన శాసనములలో హెచ్చుభాగము దానములకును, సుంకములకును సంబంధించినది. హత్యానేరమున ముద్దాయి యే సభయెదుట నిలిచెనో చెప్పుటకు కేతన గ్రంథము చాలదు.

ఆంగ్లేయుల పాలనమున 1861వ సంవత్సరపు నేరవిచారణ స్మృతి మొదలుకొని జిల్లా సెషన్సు కోర్టులలో జూరీ యొక పద్ధతిగా వచ్చెను. అది సర్వత్ర కాదు. ప్రభుత్వము ఏ జిల్లాలలో నే నేరములకు గోరిన వానికే జూరీ, తక్కినవానికి అసెసర్లు. అసెసర్ల యభిప్రాయమునకు న్యాయాధిపతి కట్టుబడనక్కరలేదు. 1898వ సంవత్సరపు స్మృతి ప్రకారము జూరీ తీర్పుతో సెషన్సు న్యాయాధిపతి యేకీభవింపనిచో హైకోర్టునకు నివేదింపవచ్చును. అనగా జూరీ నిచ్చిన చేతితోనే కళ్లెము గూడ పట్టుకొనిరి. గంజాము, విశాఖపట్టణము జిల్లాల యేజెన్సీ భూములను 1839వ సంవత్సరపు 24వ చట్టము సామాన్య న్యాయస్థానముల పరిధినుండియే తప్పించెను. నిజాము రాష్ట్రమున 1921 ప్రాంతమున న్యాయశాఖను పాలనశాఖనుండి వేరుచేసిరి. బ్రిటిషిండియాలో నప్పటికి ఆ సంస్కరణము కోరికగానే యుండెను. అయినను న్యాయస్థానపు భాష ఉర్దూ యగుటచే తెలుగు ముద్దాయికి తన వ్యాజ్యమే తనకు దెలియని స్థితి యుండెను.

1948 సెప్టెంబరు 13వ తేదీన భారతసైన్యములు హైదరాబాదు రాష్ట్రమున ప్రవేశించెను. అటుపిమ్మట సైనిక గవర్నరు మేజర్ జనరల్ జె. ఎన్. చౌధురీ పాలనమున, 1358 ఫసలీ 5వ రెగ్యులేషనుచే ప్రత్యేక ట్రిబ్యునళ్లు వెలసెను. వీనిలో సభ్యులు మువ్వురు. మనువు చెప్పిన సభ్యులును మువ్వురే. సంఖ్య కుదిరినదిగాని పోలిక యంతతో సరి. సభ్యులను నియమించునదియు, ఏ వ్యాజ్యము వారికి జెందవలెనో నిర్ణయించునదియు సైనిక ప్రభుత్వమే. తెలంగాణ రైతాంగ పోరాటమున పట్టువడిన పన్నిద్దరికి 1949 ఆగస్టులో నిట్టి ట్రిబ్యునళ్లు మరణదండనము విధించెను. ఆ డిసెంబరులో హైదరాబాదు హైకోర్టు దానిని స్థిరపరచెను. విచారణమున తమకు వకీలు లేడనియు, వకీలును బెట్టుకొను నవకాశము గలుగలేదనియు వారు మొరపెట్టుకొనిరి. వారి పక్షమున వాదించుటకు ఇంగ్లండునుండి డి. ఎన్. ప్రిట్ వచ్చెను.

ఈ పన్నిద్దరి వ్యాజ్యమున జూరీ లేకుండుటకంటె తేదీ యెక్కువ హాని చేసినది. రాజ్యాంగము 1950 జనవరి 26న నమలులోనికి వచ్చెను. హైకోర్టు తీర్పు అంతకు నెలన్నర ముందుగా వెలువడెను. కావున ఆ తీర్పుపై అప్పీలు వినుటకు తన కధికారము లేదని సుప్రీముకోర్టు నిర్ణయించెను. 1951 మార్చి 16న వారి రిట్టు అర్జీలు గూడ త్రోసివేయబడెను. వకీలు లేకుండుట అప్పీలున విచారింపదగిన లోపమేగాని, అంతమాత్రమున విచారణము చెల్లకపోదని న్యాయమూర్తి ఫజల్ అలీ వ్రాసెను. అప్పీలున విచారింపదగినదట, అప్పీలో, లేదు!

సుబేదారు వ్యాజ్య మిందులకు మారుమొగము. 1947 డిసెంబరులో వరంగల్లు సుబేదారు హబీబ్ మహమ్మదు పోలీసులను, రజాకార్లను వెంటగొని గుర్తూరు గ్రామముపైకి వెళ్లి హత్యలకును గృహదహనములకును గారకు డాయెనని యభియోగము. ట్రిబ్యునళ్లకు మారుగా 1359 ఫసలీ 10వ రెగ్యులేషను ప్రత్యేక న్యాయాధిపతులను నియమించియుండెను. వరంగల్లు ప్రత్యేక న్యాయాధిపతి 1950లో నతనికి మరణదండనము విధించెను. హైకోర్టున న్యాయమూర్తు లిరువురకు నభిప్రాయభేదము గలుగగా మూడవ న్యాయమూర్తి శిక్షను నిలిపెను. కాని యీ తీర్పు రాజ్యాంగమునకు బిదప వచ్చినది గాన సుప్రీముకోర్టు తలుపు తెరువబడెను. 1953 మార్చిలో నా కోర్టు విచారణ పద్ధతి చెల్లుననెను. ఆ యక్టోబరులో సాక్ష్యమును పరిశీలించి ముద్దాయిని విడుదల చేసెను. ఘటనాస్థలమున నుండిన ముఖ్య పోలీసు అధికారిని ప్రాసిక్యూషను సాక్షిగా బిలువలేదు. అసలు సంగతి నెరిగినవానిని దాచినచో ఆ దాపరికపు ఫలము ప్రాసిక్యూషనుకే తగులవలెనని న్యాయమూర్తి మహాజన్ నిర్ణయించెను.

1950లో వరంగల్లు పురజనులనుండి తొమ్మండుగురిని జూరీగా బిలిచియుండిన నేమయ్యెడిది? రజాకార్ల దౌర్జన్యములు ముగిసి రెండేండ్లయినను గాలేదు. కాలిన యిండ్లు కన్నవారు, చుట్టములను బోగొట్టుకొన్నవారు ఆ సుబేదారుయెడ సమబుద్ధి వహింపగలిగెడివారా? ఇక పోరాటము సాగిన పల్లెలనుండి జూరీని బిలిచినచో ఆ పన్నిద్దరిలో గొందరు తప్పక బయటపడెడివారు. ఆ పల్లెలలోని దొరలనే పిలిచినచో తీర్పు మరొక విధముగా నుండెడిది. జూరీని కోరువారు జూరీలోనికి నెవరిని బిలుతురను ప్రశ్నను దాటవేయుదురు. నాడు తెలంగాణమున నా ప్రశ్నయే సర్వస్వము. సుబేదారును గాపాడినది వ్రాతలోనున్న తీర్పు. న్యాయాధిపతి తాను నమ్మిన కారణములను వ్రాసెను గాన వానిలోని లొసుగును పైకోర్టు పట్టగలిగెను. జూరీ యొక్కమాటలో జెప్పు తీర్పున నట్టి వ్రాత లేదు. 1898వ సంవత్సరపు స్మృతిలో జూరీ తీర్పుపై అప్పీలు సామాన్యముగా న్యాయాంశములకే పరిమితము. మరణదండనము హైకోర్టు నిర్ధారణకు వచ్చినప్పుడు మాత్రమే సాక్ష్యమంతయు మరల చూడబడెడిది.

జూరీ కళంకమును దేశమంతయు బొంబాయిలో జూచినది. 1959లో నానావతీ వ్యాజ్యమున జూరీ యెనిమిదిమందికి నొక్కని తేడాతో నిర్దోషి యనగా, సెషన్సు న్యాయాధిపతి యంగీకరింపక హైకోర్టునకు నివేదించెను. హైకోర్టు విధించిన శిక్షను 1961లో సుప్రీముకోర్టు స్థిరపరచెను. ఈ వ్యాజ్యముతోనే జూరీ యంతరించెనని వాడుక. కాని లా కమీషను 1958లోనే జూరీని రద్దుచేయుమని సిఫారసు చేసియుండెను, అసెసర్లను 1955లోనే తొలగించియుండిరి. 1974 ఏప్రిల్ 1న నమలులోనికి వచ్చిన నేరవిచారణ స్మృతిలో జూరీకి చోటు లేదు. ఉత్తర ఐర్లండున 1973లో జూరీని మాని న్యాయాధిపతి నొక్కనినే నియమించినప్పుడు, అతడు కారణములు వ్రాయవలెనని చట్టము విధించెను. మన స్మృతియు జూరీని ద్రోసివేసిన కలముతోనే, మరణదండనము విధించు న్యాయాధిపతి ప్రత్యేక కారణములు వ్రాయవలెనని చేర్చినది. 2024 జూలై 1న వచ్చిన నూతన సంహిత యీ నియమమును నిలుపుకొన్నది.

ఆ పన్నిద్దరి మరణదండనము తుదకు యావజ్జీవ శిక్షగా మార్చబడినది. అది ప్రభుత్వదయ, ఏ న్యాయస్థానపు తీర్పును గాదు. వకీలు లేకుండ జరిగిన విచారణమునందలి సాక్ష్యమును సుప్రీముకోర్టు అప్పీలున పరిశీలించుట యెన్నడును జరుగలేదు.