బాయి మీద ఒక పేరు, ఇంటి దగ్గర ఒక పేరు

సింగరేణి బొగ్గు గనుల్లో ఇంకొకరి పేరుతో కొలువులో చేరి, అదే పేరుతో రిటైరైన కార్మికులు చాలామంది ఉన్నారు. గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి, కొత్తగూడెం ప్రాంతాల్లో దీన్ని మారుపేర్ల సమస్య అంటారు. కంపెనీ కాగితాల్లో ‘అలియాస్’ అనే మాట కనిపిస్తుంది. ఒకరి గుర్తింపును ఇంకొకరు వాడుకోవడం అనగానే ఇప్పుడు సైబర్ నేరాలు గుర్తొస్తాయి. ఈ ప్రాంతంలో మాత్రం అది బతుకుతెరువుగా మొదలైంది. చాలాసార్లు ఆ పేరు గల మనిషి ఒప్పుకున్నాకే జరిగింది.

ఇల్లెందు దగ్గర బొగ్గు పొరలను 1871లో జియలాజికల్ సర్వేకు చెందిన విలియం కింగ్ గుర్తించాడు. హైదరాబాద్ (డెక్కన్) కంపెనీ 1889లో తవ్వకం మొదలుపెట్టింది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. 1945లో నిజాం ప్రభుత్వం వాటాలు కొని దాన్ని సర్కారు కంపెనీని చేసింది. గోదావరి ఒడ్డున రామగుండం ప్రాంతంలో గనులు తెరిచింది 1960ల ఆరంభంలోనే. ఒక్కో ఇంక్లైన్ (వాలు గని) తెరిచినకొద్దీ వందల మంది కావలసివచ్చారు. కరీంనగర్, ఆదిలాబాద్, వరంగల్ పల్లెల నుంచి భూమి లేనివాళ్లు, వానను నమ్ముకున్న చిన్న రైతులు, దొరల కింద పాలేర్లుగా ఉన్నవాళ్లు బాయి (గని) పనికి బయలుదేరారు. 1990ల తొలి ఏళ్లకు కంపెనీలో లక్ష మందికి పైగా ఉద్యోగులు ఉండేవారు.

చట్టం దృష్టిలో గని కార్మికుడి ఉనికి ఒక రిజిస్టరుతో మొదలవుతుంది. 1952 గనుల చట్టంలోని 48వ సెక్షన్ ప్రకారం ప్రతి గనిలో కార్మికుల వివరాల పుస్తకం తప్పనిసరిగా ఉండేది. కార్మికుడి పేరు, తండ్రి పేరు, వయసు, పని స్వభావం, చేరిన తేదీ, గుర్తుపట్టడానికి అవసరమైన ఇతర వివరాలు అందులో రాసేవారు. వాటి కింద సంతకమో వేలిముద్రో తీసుకునేవారు. గని ఆఫీసుల్లో దీన్ని ఫారం-బి అంటారు. దీని మీద ఆధారపడే కోల్ మైన్స్ ప్రావిడెంట్ ఫండ్ ఖాతా తెరుస్తారు. నామినీ పేరు, గ్రాట్యుటీ, పెన్షన్ కూడా దీన్ని పట్టుకునే నడుస్తాయి. ఇందులో ఒకసారి ఎక్కిన పేరు 30, 40 ఏళ్లు మారదు. ఆ పేరు ఎక్కించే రోజు ఎదుట నిలబడ్డ మనిషి ఎవరో నిర్ధారించే పద్ధతి మాత్రం చాలా బలహీనం. చదువు రానివారికి పుట్టిన తేదీ కాగితం ఉండేది కాదు, వయసును డాక్టరు చూసి అంచనా కట్టేవారు. ఊళ్లో ఒకే పేరున్నవాళ్లు పదిమంది ఉండేవారు. మల్లయ్యలు, రాజయ్యలు, కొమురయ్యలు, పోశాలు నిండిన జాబితాలో ఒక మల్లయ్యను ఇంకో మల్లయ్య నుంచి వేరు చేసేది తండ్రి పేరూ ఇంటిపేరూ మాత్రమే.

పేరు చేతులు మారిన తీరు అన్నిచోట్లా ఒకటి కాదు. అన్నకు ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజి నుంచి కార్డు వస్తుంది. అన్న వ్యవసాయం వదలలేకో, భూమి లోపలికి దిగడానికి భయపడో వెళ్లడు, తమ్ముడు ఆ కార్డుతో వెళ్తాడు. బదిలీ ఫిల్లర్‌గా (టబ్బుల్లో బొగ్గు నింపే తాత్కాలిక కార్మికుడిగా) చేరినవాడు చీకటికీ ఉక్కకూ తాళలేక వారంలో ఊరికి తిరిగి వస్తే, అతని జాగాలో బావమరిది దిగుతాడు. చదువుకున్న బంధువు టీసీ తెచ్చుకుని ఆ పేరుతో చేరినవారున్నారు. డబ్బిచ్చి కొనుక్కున్నవారూ లేకపోలేదు, అయితే పాత తరం చెప్పే కథల్లో చుట్టరికానిదే పెద్ద పాలు. ఆ రోజుల్లో ఇది ఎవరికీ మోసంగా తోచలేదు. కంపెనీకి తట్టా చెమ్మస్ (తట్ట, పార) పట్టే చేతులు కావాలి, సర్దారుకు టబ్బులు నిండాలి, షిఫ్టుకు మస్టర్ (హాజరు) పడాలి. పక్కన పనిచేసేవారికి అసలు పేరు తెలిసినా చెప్పాల్సిన అవసరం రాలేదు. బాయి మీద ఒక పేరు, వాడలో ఒక పేరు పలకడం మామూలైపోయింది.

చిక్కు తర్వాతి తరంతో వచ్చింది. రేషన్ కార్డు, ఓటరు జాబితా, పిల్లల బడి రికార్డు, ఊళ్లో పట్టా పాస్‌బుక్కు అన్నీ అసలు పేరుతో ఉంటాయి. సర్వీసు రికార్డు, పీఎఫ్ లెక్క, జీతం చిట్టీ మారుపేరుతో ఉంటాయి. కార్మికుడు గనిలో చనిపోతేనో, మెడికల్ బోర్డు అన్‌ఫిట్ చేస్తేనో కొడుకు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాలి. కొడుకు పదో తరగతి సర్టిఫికెట్‌లో తండ్రి పేరు ఒకటి, కంపెనీ రికార్డులో ఇంకొకటి. అక్కడితో ఫైలు ఆగిపోతుంది. విజిలెన్స్ విచారణ ఊరిదాకా వెళ్తుంది. పాలివాళ్లతో గొడవలుంటే ఆకాశరామన్న ఉత్తరం చాలు. ఆ పేరు గల అసలు మనిషి ఊళ్లో బతికే ఉంటే చిక్కు ఇంకా పెద్దది. కాగితం ప్రకారం రిటైరై పెన్షన్ తీసుకోవాల్సిన మనిషి అతనే. ఒకప్పుడు సాయంగా ఇచ్చిన పేరు బెదిరింపుగానూ మారగలదు.

వారసత్వ ఉద్యోగాలు 2000 ప్రాంతంలో ఆగిపోయి, తెలంగాణ వచ్చాక మళ్లీ ముందుకొచ్చాయి. సింగరేణి తెచ్చిన వారసత్వ పథకాన్ని 2017లో హైకోర్టు కొట్టివేసింది, సుప్రీంకోర్టులోనూ ఊరట దొరకలేదు. వైద్యకారణాల మీద కారుణ్య నియామకాలు ఆ తర్వాత వచ్చాయి. దరఖాస్తులు పెరిగినకొద్దీ పేర్ల తేడాలు బయటపడ్డాయి. గుర్తింపు కార్మిక సంఘం ఎన్నికలు వచ్చినప్పుడల్లా మారుపేర్ల సవరణ డిమాండ్ల పట్టికలో కనిపిస్తుంది. అందరినీ ఒకే గాటన కట్టలేకపోవడమే ఇందులో అసలు ఇబ్బంది. గుమాస్తా రాతలో పొరపాటు వల్ల పేరు మారినవారు, చుట్టరికంతో చేరినవారు, కొనుక్కుని చేరినవారు రికార్డులో ఒకేలా కనిపిస్తారు. చట్టం ముందు వీరి బరువు మాత్రం ఒకటి కాదు.

పేరు నమ్మదగినది కాదని తేలినచోట వేలిముద్ర వచ్చింది. దాని చరిత్ర కూడా ఇలాంటి అనుమానంతోనే మొదలైంది. బెంగాల్‌లోని హుగ్లీలో 1877లో మేజిస్ట్రేటుగా ఉన్న విలియం హెర్షెల్ పెన్షనర్లతోనూ, దస్తావేజులు రిజిస్టర్ చేయించేవారితోనూ వేలిముద్ర వేయించాడు. చనిపోయినవారి పేరుతో పెన్షన్ తీసుకోవడం, అమ్మినవాడే నేను అమ్మలేదని బొంకడం ఆపాలన్నది ఉద్దేశం. మన కాలానికి వస్తే, 2001 సవరణతో రిజిస్ట్రేషన్ చట్టంలో చేరిన 32-ఎ సెక్షన్ దస్తావేజు మీద పాస్‌పోర్టు ఫొటోనూ వేలిముద్రనూ తప్పనిసరి చేసింది.

ఆ రక్షణే దొంగకు పనిముట్టు అయిన ఉదంతం రామగుండం ఉన్న పెద్దపల్లి జిల్లాలోనే జరిగింది. 2018 జూన్‌లో ధర్మారం మండలానికి చెందిన ఒక సిమ్‌కార్డుల వ్యాపారిని హైదరాబాద్ పోలీసులు అరెస్టు చేశారు. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో ఎవరైనా చూడగలిగేలా ఉన్న దస్తావేజుల నకళ్లను అతను దించుకున్నాడన్నది అభియోగం. ఒకే కాగితం మీద పేరు, ఆధార్ నంబరు, వేలిముద్ర మూడూ దొరికాయి. రబ్బరు స్టాంపులు చేసే యంత్రంతో ఆ ముద్రలకు అచ్చులు తీసి, ఆధార్ ఈ-కేవైసీ యంత్రం మీద పెట్టి వేల సంఖ్యలో సిమ్‌లు యాక్టివేట్ చేశాడని పోలీసులు చెప్పారు. అమ్మకాల టార్గెట్ అందుకోవడం కోసమే చేశాడట. ఆ దస్తావేజుల్లో ఉన్నవారికి తమ పేరుతో సిమ్ ఉందన్న సంగతి తెలిసే వీలే లేదు. పేరు ఇచ్చినవాడికీ పుచ్చుకున్నవాడికీ తెలిసి జరిగిన గనుల నాటి వ్యవహారానికీ దీనికీ ఇదే పెద్ద తేడా.

ఈ ఉదంతంలో ఆధార్ కేంద్ర భాండాగారంలోకి ఎవరూ చొరబడలేదు. సమాచారాన్ని జాగ్రత్త చేయాల్సిన ఇంకో శాఖ దాన్ని వీధిలో పెట్టింది. తర్వాతి ఏళ్లలో ఇదే తరహాలో వేలిముద్రల నకళ్లు తీసి, ఆధార్ ఆధారిత చెల్లింపుల పద్ధతిలో బ్యాంకు ఖాతాల నుంచి డబ్బు లాగిన ముఠాలు పలు రాష్ట్రాల్లో పట్టుబడ్డాయి. 2018 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆధార్ తీర్పు ఇచ్చాక ప్రైవేటు టెలికాం కంపెనీల పాత ఈ-కేవైసీ పద్ధతి ఆగింది. యంత్రం మీద పెట్టింది బతికున్న వేలా, రబ్బరు అచ్చా అని తేల్చే కొత్త పరీక్షను ఆధార్ సంస్థ 2023 ఫిబ్రవరిలో ప్రకటించింది.

బొగ్గు ప్రాంతంలో వేలిముద్రకు ఇంకో ఇబ్బంది ఉంది. ఏళ్ల తరబడి తట్టా చెమ్మస్ పట్టిన చేతుల్లో గీతలు అరిగిపోతాయి. రిటైరైన ఫిల్లర్ ఏటేటా బతికే ఉన్నానని రుజువు చూపాలి. 2014లో వచ్చిన జీవన్ ప్రమాణ్ పద్ధతి మొదట్లో వేలిముద్ర, కనుపాప మీదే నడిచింది, ముఖం చూసి ధ్రువీకరించే వీలు తర్వాత వచ్చింది. పీఎఫ్, గ్రాట్యుటీ సొమ్ము ఒక్కసారిగా ఖాతాలో పడే ఈ వయసులోనే మోసపు ఫోన్లకు దొరికిపోయే ప్రమాదం ఎక్కువ. ఆధార్ బయోమెట్రిక్‌ను లాక్ చేసుకోవడం, నకలు ఇవ్వాల్సినచోట నంబరులో చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వడం, డబ్బు పోయిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయడం వారికి అందుబాటులో ఉన్న పనులు. తమ పేరు మీద ఎన్ని మొబైల్ కనెక్షన్లు ఉన్నాయో సంచార్ సాథీ పోర్టల్‌లో చూసుకోవచ్చు.

ఫారం-బి కాలంలో సమాచారం కాపాడకపోతే కంపెనీకి జరిమానా అనే ఆలోచనే లేదు. 2023 ఆగస్టులో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం దాన్ని తెచ్చింది. ఉద్యోగ అవసరాల కోసం యజమాని సమాచారం వాడుకోవడానికి ఈ చట్టం కింద కార్మికుడి ఒప్పుదల అక్కర్లేదు. కాబట్టి బయోమెట్రిక్ మస్టర్ వద్దనడానికి ఈ చట్టం పనికిరాదు. సేకరించినదాన్ని భద్రంగా ఉంచకపోతే మాత్రం 250 కోట్ల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. ఒప్పుదలతో ఇచ్చిన సమాచారంలో తప్పు దిద్దమని అడిగే హక్కును కూడా చట్టం గుర్తించింది. నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. సంస్థల మీద పడే ముఖ్యమైన బాధ్యతలకు అక్కడి నుంచి 18 నెలల గడువు ఇచ్చారు.