పెట్రోమాక్స్ లైటుకి రూట్ కాజ్ ఎనాలిసిస్

యంత్రాల చరిత్ర తిరగేస్తే కనిపెట్టినవాళ్ళ పేర్లు వరసగా కనిపిస్తాయి. అవి మొరాయించినప్పుడు కూర్చుని బాగుచేసినవాళ్ళ పేర్లు మాత్రం ఎక్కడా ఉండవు. ప్రొడక్షన్ సపోర్టులో రాత్రుళ్ళు గడిపినవాళ్ళకి ఈ సంగతి నేను చెప్పక్కర్లేదనుకోండి. పెట్రోమాక్స్ లైటు కథా అంతే.

ముందు అందరికీ దొరికే చరిత్ర. ఆస్ట్రియా కెమిస్టు వెల్స్‌బాఖ్ 1885లో మాంటిల్‌కి పేటెంటు తీసుకున్నాడు. మొదట్లో అది పచ్చగా వెలిగేది, తొందరగా పొడైపోయేది. 1891లో థోరియం ఆక్సైడు 99 పాళ్ళు, సీరియం ఆక్సైడు 1 పాలు కలిపితే తెల్లటి వెలుగొచ్చింది. 1910 ప్రాంతంలో బెర్లిన్‌లో మాక్స్ గ్రేట్జ్ ఈ మాంటిల్‌ని గాలి కొట్టే కిరసనాయిలు దీపానికి తగిలించి, పెట్రోలియానికి తన పేరు జోడించి పెట్రోమాక్స్ అన్నాడు. థోరియం దొరికే మోనజైటు ఇసుక మన ట్రావెన్‌కూర్ తీరంలో ఉందని 1909లో కనుక్కున్నది కూడా ఓ జర్మనే, షోంబెర్గ్.

ఇప్పుడు ఎల్లారెడ్డికి వద్దాం. ఒకపక్క పోచారం (1922), ఇంకోపక్క నిజాంసాగర్ (1931). నిజాంసాగర్ దగ్గర జలవిద్యుత్తు 1950ల్లో మొదలైంది. అయితే ఊళ్ళో స్తంభాలు పాతినంత మాత్రాన బరాత్ వెంట కరెంటు నడిచిరాదు కదా! పెళ్ళి ఊరేగింపుకీ, పీర్ల పండక్కీ, తెల్లవార్లూ ఆడే చిందు భాగవతానికీ పెట్రోమాక్స్ లైటే దిక్కు. దాంట్లో గ్యాస్ నూనె పోసి, పంపు కొట్టి, తెల్లారేదాకా కనిపెట్టుకుని ఉండటానికి ఒక మనిషి కావాలి.

ఆ మనిషికి ఏం తెలియాలో చూడండి. టాంకులో ఒత్తిడికి నూనె గొట్టంలో పైకెక్కుతుంది. ముందు స్పిరిటు మంటతోనూ, తర్వాత మాంటిల్ వేడితోనూ ఆవిరవుతుంది. సన్నటి జెట్ రంధ్రంలోంచి దూసుకొచ్చి, గాలిని లాక్కుని, వంపు గొట్టం తిరిగి, పింగాణీ నాజిల్‌లోంచి మాంటిల్‌లోకి దిగి మండుతుంది. వీటిలో ఎక్కడ తేడా వచ్చినా కనిపించేది మాత్రం మాంటిల్ మీదే. ఎర్రర్ ఎక్కడో ఉంటుంది, లాగులో కనిపించేది ఇంకెక్కడో, అన్నట్టు!

మాంటిల్ ఒకవైపే వెలుగుతోందనుకోండి. కట్టేటప్పుడు మడతలన్నీ ఒక పక్కకి చేరి ఉండొచ్చు. తొలిసారి కాలి బూడిదయ్యాక దాన్ని సర్దడం కుదరదు. కొత్తది వేసి చూడాలి. అప్పుడూ మసక అదే పక్క ఉంటే మాంటిల్ తప్పు కాదు, పైనున్న నాజిల్ పగిలిందేమో చూడాలి. మాంటిల్ అంతా ఎర్రబారి మసి పడుతుంటే గాలి చాలడం లేదని అర్థం: జెట్ వంపు గొట్టానికి సూటిగా లేకపోవడమో, గాలి పోయే దారిలో సాలెగూడు పట్టడమో. వెలుగు ఊపిరి తీస్తున్నట్టు ఎక్కి దిగుతుంటే గొట్టంలో మసి పేరుకోవడమో, జెట్‌లో నలక పడటమో అయ్యుంటుంది. పంపు కొట్టిన కాసేపటికే డల్ అవుతుంటే ఒత్తిడి ఎక్కడో కారిపోతోంది. పంపు కొట్టినా గాలే ఎక్కకపోతే లోపలి తోలు వాషరు ఎండిపోయిందన్నమాట, రెండు చుక్కల నూనె వేస్తే చాలు.

లక్షణాన్ని బట్టి చోటు పట్టుకోవడం, ఒక్కొక్కటే మార్చి చూడటం... మనం డిబగ్గింగు అని పేరు పెట్టుకుని జీతాలు తీసుకుంటున్నది దీనికే. అదీ మాన్యువల్ లేకుండా, పెళ్ళివారు వెనకనుంచి అరుస్తుండగా!

బ్రిటిష్ చరిత్రకారుడు డేవిడ్ ఎడ్జర్టన్ 2006లో వచ్చిన 'ది షాక్ ఆఫ్ ది ఓల్డ్'లో ఇదే వాదిస్తాడు: టెక్నాలజీ చరిత్ర అంటే కనిపెట్టిన తేదీలు కాదు, వాడకమూ మరమ్మతూ అని. మన దగ్గర ఆ సగం ఎవరూ రాయలేదు. దీపం కింద చీకటి అని ఊరికే అన్నారా? పెట్రోమాక్స్ టాంకు అడుగునే ఉంటుంది కాబట్టి దాని నీడ సరిగ్గా మోసేవాళ్ళ మీదే పడుతుంది. పెళ్ళికొడుకు ముఖం ఫొటోలో పడింది, లైటు నెత్తిన పెట్టుకున్నవాళ్ళ ముఖం పడలేదు.

వెల్స్‌బాఖ్ గురించి గూగుల్ చేస్తే రెండు నిమిషాల్లో దొరుకుతుంది. ఎల్లారెడ్డి వైపు ఆ లైట్లు నడిపిన తరంలో ఇంకా కొందరు మిగిలే ఉంటారు. ఈసారి ఊరెళ్ళినప్పుడు అలాంటివాళ్ళు కనిపిస్తే ఫోన్లో రికార్డింగు ఆన్ చేసి అడగండి. వాళ్ళు పోయాక ఈ డాక్యుమెంటేషన్ ఎక్కడా దొరకదు.