వరంగల్‌పై తుఫానుల ప్రభావం

సముద్రానికి సుమారు 250 కిలోమీటర్ల దూరాన ఉన్న వరంగల్‌కు బంగాళాఖాతపు తుఫాను గాలిగా రాదు, నీరుగా వస్తుంది. 1977 నవంబరు 19న దివిసీమను ఊడ్చేసిన ఉప్పెన వంటిది గానీ, 2014 అక్టోబరు 12న విశాఖను కుదిపిన హుద్‌హుద్ గాలి వంటిది గానీ ఇక్కడివారు చూడలేదు. తీరం దాటిన తుఫాను సముద్రపు తేమ అందక బలహీనపడుతుంది. గాలివేగం గంటకు 62 కిలోమీటర్లుంటేనే వాతావరణ శాఖ దాన్ని తుఫాను అంటుంది. వరంగల్ దాకా వచ్చేసరికి సాధారణంగా ఆ పేరు పోయి వాయుగుండమో అల్పపీడనమో మిగులుతుంది. వాన మాత్రం పేరును బట్టి తగ్గదు.

అందుకే ఇక్కడ తుఫానుల చరిత్రను చెరువుల చరిత్రతో కలిపే చదవాలి. కాకతీయుల కాలపు పాకాల, రామప్ప, లక్నవరం చెరువులు కుండపోతను పట్టి పంటకు మళ్లించాయి. గొలుసుకట్టు చెరువుల్లో పైది నిండితే మత్తడి దుంకి నీరు కిందిదానికి చేరుతుంది. ఈ ఏర్పాటులోనే ఒక ప్రమాదమూ ఉంది. పైన ఒక కట్టకు గండిపడితే ఆ వరదంతా కింది కట్ట మీదికే వస్తుంది. నగరం పెరిగాక చెరువుల శిఖం భూముల్లో కాలనీలు లేచాయి, నాలాలు ఇరుకయ్యాయి. ముంపును తుఫాను ఖాతాలో రాయడం తేలికే గాని, అందులో మనుషుల వాటా చిన్నది కాదు.

2025 అక్టోబరు 28 రాత్రి నరసాపురం సమీపాన తీరం దాటిన మొంథా తుఫాను ఇక్కడికి నీరుగా ఎలా వస్తుందో చెప్పే ఇటీవలి ఉదాహరణ. థాయ్‌లాండ్ సూచించిన ఈ పేరుకు సువాసన గల పువ్వు అని అర్థం. తీరంలో అది తీవ్ర తుఫాను. మర్నాడు ఉమ్మడి వరంగల్ జిల్లా మీదికి వచ్చేసరికి బలం తగ్గింది, అయినా హనుమకొండ జిల్లా భీమదేవరపల్లిలో సుమారు 41 సెంటీమీటర్ల వాన పడింది. వరంగల్ రైల్వేస్టేషన్‌లో పట్టాలు మునిగాయి, డోర్నకల్ దగ్గర రైళ్లు ఆగిపోయాయి. హనుమకొండ, వరంగల్ కాలనీల్లో జనాన్ని పడవల్లో బయటికి తెచ్చారు.

తుఫాను పేరు లేని వానలూ తక్కువేం కాదు. 2023 జూలైలో అల్పపీడన ప్రభావంతో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో దాదాపు 65 సెంటీమీటర్లు కురిసింది. భూపాలపల్లి జిల్లాలో మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగింది. 2024 సెప్టెంబరు 1న వాయుగుండం వానలకు కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైలు కట్ట కొట్టుకుపోయి, పట్టాలు గాలిలో వేలాడాయి.

రైతుకు మాత్రం అక్టోబరు, నవంబరు తుఫాన్లే ఎక్కువ చేటు. అప్పటికి చేలో పత్తి విచ్చి ఉంటుంది, వరి కోతకొస్తుంది. తడిసిన పత్తి రంగు మారుతుంది, పడిపోయిన వరి కంకి మీదే మొలకెత్తుతుంది. రెండు రోజులు ముసురు పట్టినా వడ్లలో తేమ 17 శాతం, పత్తిలో 12 శాతం దాటిపోతుంది. ప్రభుత్వ కొనుగోలు కేంద్రాల్లో కాంటా పడేది ఆ లోపున్న సరుకుకే. కాబట్టి వాన వెలిసిన మర్నాటి నుంచి రోడ్ల పొడవునా వడ్లు ఆరబోసి ఉంటాయి.