నాటి వీధి – నేటి గడప

పెద్దలు నలుగురు కూడిన చోట నేడు తప్పక వినవచ్చు మాట యొకటి కలదు. "మా చిన్ననాట ప్రొద్దున పోయిన పిల్లవాడు దీపములు పెట్టు వేళకు గాని యిల్లు చేరెడివాడు కాడు. ఏ చెట్టెక్కెనో, ఏ బావిలో దూకెనో అడిగినవారు లేరు. అయినను మేము బ్రతికితిమి, పెరిగితిమి" అని వారందురు. నేటి తల్లిదండ్రులు దీనికి బదులు చెప్పక, బిడ్డను బడిబస్సు ఎక్కించి, అది కనుమరుగగు వరకు నిలిచి చూచి, లోనికి పోవుదురు. రెండు తరముల నడుమనున్న యీ మౌనమును గూర్చి కొంత విచారింపవలెనని మా యుద్దేశము. నాటి స్వేచ్ఛ యెట్టిది, దానికి చెల్లించిన వెల యెంత, అది పోవుటవలన తెలుగునాటి వెలుపల స్థిరపడిన మన కుటుంబములకు ప్రత్యేకముగా కలిగిన నష్టమేమి అను మూడు ప్రశ్నలను వరుసగా పరిశీలింతము.

తెలుగువారు కాపురమున్న ఏ యూరిని చూచినను ఆటల స్వరూపము ఇంచుమించుగా ఒక్కటియే. బరంపురపు వీధులలోనైనను, చెన్నపట్టణపు సందులలోనైనను, షోలాపురపు పద్మశాలి వాడలలోనైనను, కోవిల్‌పట్టి చుట్టుపట్ల నల్లరేగడి పల్లెలలోనైనను, యానాము గోదావరి గట్టుననైనను పిల్లలకు బొంగరాల కాలము, గోలీల కాలము, గాలిపటముల కాలము వేరువేరుగా నుండెడివి. ఏ పంచాంగమును చూడకయే ఆ కాలములు మారెడివి. కావలసిన సామగ్రి చింతగింజలు, పెంకుముక్కలు, ఒక కఱ్ఱ. మగపిల్లలు బిళ్ళంగోడు, చెడుగుడు ఆడిరి; కోతికొమ్మచ్చి ఆడుచు చెట్ల కొమ్మలపై నుండి దూకిరి. ఆడపిల్లలు అచ్చనగాయలు, వామనగుంటలు, తొక్కుడుబిళ్ళ, గుజ్జనగూళ్ళు ఆడిరి. మన బిళ్ళంగోడే కన్నడిగులకు చిన్నిదాండు, తమిళులకు కిట్టిపుళ్, మరాఠీలకు విటీదాండూ. మన వామనగుంటలే తమిళుల పల్లాంగుళి. కనుక పరభాషా ప్రాంతమున స్థిరపడిన తెలుగు బిడ్డ వీధిలోనికి దిగిన దినముననే ఆటలో చేరగలిగెను. పేరు మాత్రమే క్రొత్తది, ఆట తనదే.

ఈ స్వేచ్ఛను కావలి లేని స్వేచ్ఛ యనుకొనుట పొరపాటు. ఇంటి ముందరి అరుగుపై ఎవరో యొక వృద్ధురాలు కూర్చుండి బియ్యమేరుచుండెను. ఎదురింటివారు వరుసకు అత్తయో, పిన్నియో, మామయో అయి యుండిరి. రక్తసంబంధము లేనిచో వీధి సంబంధము కలిపి ఆ పిలుపులనే పిలిచిరి. పిల్లవాడు చేసిన తప్పు వానికంటె ముందుగా ఇల్లు చేరెడిది. పొరుగింటి పెద్ద మందలించినచో తల్లి అలిగెడిది కాదు, పైగా తానును రెండు మాటలు కలిపెడిది. ఒక్క తల్లి కన్నులు చాలని చోట పదిమంది కన్నులు చూచుచుండెను. నాటి తల్లికి బిడ్డను విడిచిపెట్టు ధైర్యము ఆ పదిమంది నుండి వచ్చినది.

అయితే ఆ వీధి అందరికిని ఒకే విధముగా తెరచి యుండలేదు. ఏ బావిలో ఈదులాడితిమని కొందరు పెద్దలు మురిసిపోవుదురో, ఆ బావి మెట్లు దిగుటకు అర్హత లేదని ఊరి వెలుపలనే నిలుపబడిన పిల్లలు కలరు. వారి బాల్యస్మృతులలో ఆ బావి వేరొక విధముగా నుండును. ఈ మాట చెప్పక స్వేచ్ఛను వర్ణించుట సగము చరిత్ర మాత్రమే.

ఇక వెల సంగతి. "అయినను మేము బ్రతికితిమి" అను మాటలో ఒక లోపము కలదు. బ్రతికినవారే ఆ మాట చెప్పగలరు. బ్రతుకనివారు సభకు రాలేరు. మన దేశమున పుట్టిన ప్రతి వేయిమంది శిశువులలో 1971లో 129 మంది ఏడాది నిండకుండనే గతించిరి. 2020 నాటికి ఆ సంఖ్య 28కి దిగినది. మన పాత కుటుంబములలో పెంటయ్య, పెంటమ్మ, పిచ్చయ్య, పుల్లయ్య అను పేర్లు ఎందుకుండెనో ఇంటి పెద్దలను అడిగి చూడుడు. వరుసగా బిడ్డలు పోయిన తల్లి, ఈ బిడ్డనైనను మృత్యువు కంటబడకుండ దాచుకొనవలెనని, విలువలేనిదిగా తోచు పేరు పెట్టెను. ఆ పేరు పరిహాసము కాదు, ప్రార్థన.

అమ్మవారు పోసినదని వేపమండలు కట్టిన గుమ్మములు ప్రతి వీధిలో నుండెను. మన దేశమున కడపటి మశూచి రోగి 1975లో కనబడెను. 1980లో లోకమంతట ఆ వ్యాధి అంతరించినదని ప్రకటింపబడెను. పోలియో సోకి కాలు చచ్చుబడిన బిడ్డ లేని వాడ అరుదు. దేశమున దాని కడపటి కేసు 2011 జనవరిలో వచ్చినది. 2014లో మనకు విముక్తి పత్రము లభించెను. పిల్లలు కేరింతలు కొట్టిన దిగుడుబావుల కథ మఱింత విచిత్రమైనది. ఆంధ్ర, కర్ణాటక, మహారాష్ట్ర, తమిళ ప్రాంతములలో నారికురుపు అను వ్యాధి ఈ బావులనుండియే వ్యాపించెను. నారికురుపు గలవాడు నీటిలో కాలు మోపగా పురుగు తన పిల్లలను నీటిలోనికి విడిచెను. వానిని నీటిలోని సూక్ష్మజీవులు మ్రింగెను. ఆ నీటిని వడగట్టక త్రాగినవారికి ఏడాదికి కాలి నుండి మూరెడు పొడవు పురుగు వెడలెను. వైద్యమున్న వ్యాధి కాదు అది. దిగుడుబావులను మార్చి, నీరు వడగట్టుట నేర్పి, 1996లో దేశమున కడపటి రోగిని చూచిరి. 2000లో మనము దానినుండి విముక్తులమైతిమి. బావిలో ఈత ఎంత ఆనందమో, దాని మెట్లమీద అంత అపాయమును కూర్చుండి యుండెను.

ఆడపిల్లల స్వేచ్ఛ మఱియు పొట్టిది. తొక్కుడుబిళ్ళ గడులు చెరుగకముందే పెండ్లిపీట వేయబడెను. 1892లో విజయనగరమున తొలిసారి ప్రదర్శింపబడిన గురజాడవారి కన్యాశుల్కము ఈ దురాచారమునే బజారున నిలిపెను. 1929లో శారదా చట్టము వచ్చి, 1930 ఏప్రిల్ 1 నుండి ఆడపిల్లకు 14 ఏండ్లు నిండనిదే పెండ్లి కూడదనెను. అది బ్రిటిషువారి చట్టము గనుక ఫ్రెంచివారి యానాములో చెల్లలేదు. అంతట ఇరుగుపొరుగు తెలుగు జిల్లాలవారు పసిపిల్లలను వెంటబెట్టుకొని యానాము చేరి పెండ్లిండ్లు జరిపించిరి. ఆ సందడివలన యానామునకు కల్యాణపురమను మారుపేరు కలిగెను. వినుటకు ఇంపైన పేరే. ఆ మేళతాళముల వెనుక ఎందరు బాలికల ఆటలు ఆగిపోయెనో తలచినచో ఆ యింపు నిలువదు. 1954లో యానాము ఫ్రెంచి పాలననుండి విడివడెను. 1978లో ఆడపిల్ల వివాహవయస్సు 18 ఏండ్లకు పెరిగెను. "మా చిన్ననాట" అను కథలను చెప్పువారిలో తాతలే యెక్కువ, అవ్వలు తక్కువ యగుటకు కారణము ఇందు కొంత దొరకును.

బీదయింటి బిడ్డకు ఆటకంటె ముందు పని వచ్చెను. తెలంగాణమునుండి షోలాపురము చేరిన నేతగాండ్ర యిండ్లలో మగ్గము చప్పుడు నడుమనే పిల్లలు పెరిగిరి. కండెలు చుట్టుట వారి పని. బీడీలు చుట్టు తల్లి ప్రక్కన ఆకు కత్తిరించుట మఱియొక పని. 1986లో బాలకార్మిక నిషేధ చట్టమును, 2010 ఏప్రిల్ 1 నుండి విద్యాహక్కు చట్టమును అమలులోనికి వచ్చి, పిల్లవాని స్థానము బడియని నిశ్చయించెను. ఇన్ని మేలులు జరిగినవి. వీనిని వెనుకకు ఇచ్చివేసి పాత వీధిని తెచ్చుకొందమని బుద్ధిమంతుడెవడును కోరడు.

అయినను ఆ వీధి మనకొక పని చేసిపెట్టెను. దానిని ఏ టీకాయు, ఏ చట్టమును చేయలేదు. అది భాషను కాచినది. ఇందుకు చక్కని సాక్ష్యము మహారాష్ట్రమున కలదు. అక్కడి పిల్లలు విటీదాండూ ఆటలో కొలత లెక్కించునపుడు తమ యేక్, దోన్, తీన్ అను అంకెలను విడిచి, వకట్, లేండ్, మూండ్, నాల్ అని లెక్కించుట పరంపరగా వచ్చుచున్నది. ఇవి దక్షిణ భాషల సంఖ్యలని పండితులు చెప్పుదురు. కన్నడమున ఒందు, తమిళమున ఒన్ఱు. వకట్ అను దానికి దగ్గరిది మన ఒకటి యని చెవియే చెప్పును. శాసనములు వ్రాయించిన రాజులు గాని, కావ్యములు చెప్పిన కవులు గాని ఈ మాటలను అక్కడ నాటలేదు. ఏనాడో కలిసి ఆడిన పిల్లలు నాటిరి. పెద్దలు సరిహద్దులకై వాదించుకొన్నను, పిల్లల నోట ఆ సంఖ్యలు నిలిచియే యున్నవి.

తమిళదేశమునుండి మఱియొక నిదర్శనము. కోవిల్‌పట్టి చెంతనున్న ఇడైసెవల్ గ్రామమున 1923లో తెలుగింట పుట్టిన కి. రాజనారాయణన్ గారు తమిళ సాహిత్యమున గొప్ప కథకులైరి. తెలుగుగడ్డ విడిచి నల్లరేగడి నేలకు వలసవచ్చిన కుటుంబముల కథను వారు నవలలుగా వ్రాసిరి. అందు గోపల్లపురత్తు మక్కళ్ అను దానికి 1991లో సాహిత్య అకాడమీ పురస్కారము వచ్చినది. వారి బడిచదువు స్వల్పము. ఊరివారి పలుకుబడులు, అవ్వలు చెప్పు కథలు, చేలగట్ల మాటలు వారి గ్రంథాలయము. ఇంట తెలుగు, వీధిలో తమిళము. ఒకటి మఱియొకదానిని మ్రింగక రెండును పెరిగిన బాల్యమది.

నేటి సంగతి చూతము. తల్లిదండ్రుల భయము నిరాధారము కాదు. 2022లో మన దేశపు రహదారులపై 1,68,491 మంది ప్రాణములు కోల్పోయిరి. వీధి పిల్లల చేతినుండి వాహనముల చేతికి పోయినది. అరుగులు కొట్టివేసి వాహనములు నిలుపు చోట్లు కట్టితిమి. ఎదురు తలుపువారి పేరు తెలియని మేడలలో ఉంటిమి. పదిమంది కన్నులు పోయినవి గనుక తల్లి రెండు కన్నులే మిగిలెను. అవి బిడ్డను గడప దాటనీయవు. ఆ తల్లిని నిందించుట న్యాయము కాదు.

కాని గడపలోపల మిగిలిన తెలుగెంత? తిను, చదువు, పడుకొను అని తల్లిదండ్రులు చెప్పు ఆజ్ఞలు మాత్రమే. తగవు, బేరము, బుజ్జగింపు, వేళాకోళము, పందెము, ఒట్టు, రాజీ – ఇవి సాటి పిల్లలతో కూడిననాడే నోటికి వచ్చును. ఆజ్ఞల భాష విధేయతను నేర్పును గాని పలుకుబడిని నేర్పదు. 1956లో రాజ్యాంగమున చేర్చబడిన 350-ఏ అధికరణము భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషాబోధనకు వసతులు కల్పించుటకు యత్నింపవలెనని చెప్పుచున్నది. అది బడికి సంబంధించినది. వీధికి అధికరణము లేదు. దానిని మనమే కల్పించుకొనవలెను.

ఇట్టి కల్పన మనకు క్రొత్త కాదు. చెన్నపట్టణముననే న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్య, అక్కయ్యలై, 1940లో బాలానంద సంఘమును స్థాపించి, 1945లో బాల పత్రికను వెలువరించిరి. 1947 జులైలో చందమామయు ఆ పట్టణముననే పుట్టినది. పిల్లలకు కూడుకొనుటకు చోటు, వినుటకు కథ, పాడుటకు గొంతు కల్పించిన పెద్దలు వారు. మన సంఘములు ఏడాదికొక పండుగ సభతో తృప్తిపడక ఆ త్రోవలో నాలుగడుగులు వేయవచ్చును. వారమునకొక సాయంకాలము సంఘభవనపు ఆవరణమును పిల్లలకు విడువవలెను. ఆట యేదో వారే నిర్ణయింపవలెను, తగవును వారే తీర్చుకొనవలెను. పెద్దలు పూర్వపు అరుగుమీది అవ్వవలె దూరమున కూర్చుండవలెను. ఉపాధ్యాయులై లేచి రాకూడదు. మోకాలు గీరుకొన్నచో కంగారు పడరాదు. ఈత నేర్పించి నీటికి పంపవలెను. ఆడపిల్లకు మగపిల్లవానితో సమముగా చోటు, ప్రొద్దు ఉండవలెను. కులమడుగరాదు. కన్నడ, తమిళ, ఒడియా, మరాఠీ ఇరుగుపొరుగు పిల్లలను పిలువవలెను. వారు లేక మన వీధి ఏనాడును పూర్ణము కాలేదు.

నాటి వీధిలో మృత్యువు పొంచియుండెను, పదిమంది కాపును ఉండెను. మృత్యువును చాలవరకు తరిమితిమి; ఆ తొందరలో కాపును కూడ పోగొట్టుకొంటిమి. తరిమినదానిని తిరిగి పిలువనక్కరలేదు. పోగొట్టుకొన్నదానిని మాత్రము వెదకి తెచ్చుకొందము. అపుడు మన బిడ్డలు గడప దాటుదురు. వారితో మన తెలుగును గడప దాటును.