మూడు గుల్డెన్ల పుస్తకం

1597 వసంతంలో ఫ్రాంక్‌ఫర్ట్ పుస్తకాల సంతకు వచ్చిన కొత్త పుస్తకాల జాబితాలో ఒక ఖగోళ గ్రంథం ఉంది. రచయిత పేరు దగ్గర ‘రెప్లియస్’ అని పడింది. అలాంటి పండితుడెవరూ లేడు. ఉన్నవాడు కెప్లర్. యోహానెస్ కెప్లర్, పాతికేళ్ళవాడు, ఆస్ట్రియాలో గ్రాట్స్ అనే ఊళ్ళో ప్రొటెస్టెంట్ల బడిలో లెక్కల పంతులు, ఏడాదికి జీతం 150 గుల్డెన్లు. అది అతని మొదటి పుస్తకం. గ్రహాల మధ్య దూరాలకూ అయిదు క్రమ ఘనాకృతులకూ లంకె వేసి, సృష్టి రహస్యం చిక్కిందని పొంగిపోతూ రాశాడు. అచ్చు ట్యూబింగెన్‌లో జరిగింది. ప్రూఫులూ ప్రెస్సువాడితో మాటలూ అన్నీ గురువు మెస్ట్‌లిన్ చూసుకున్నాడు. ప్రెస్సువాడు గ్రుపెన్‌బాఖ్ ఒక షరతు పెట్టాడు: 200 ప్రతులు రచయితే కొనుక్కోవాలి.

ఈ షరతు సంగతి చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. నేనూ లెక్కల మేష్టారినే. రిటైరయ్యాక నక్షత్రాల మీదా, గ్రహణాల మీదా తెలుగులో చిన్న చిన్న పుస్తకాలు రాసి సొంత డబ్బుతో అచ్చు వేసుకుంటున్నాను. మా ఇంట్లో మంచాల కింద ఏముంటుందో వేరే చెప్పక్కర్లేదు. తెలుగులో రాసేవాళ్ళలో చాలామందిది ఇదే బతుకు. డీటీపీ నుంచి బైండింగు దాకా మనమే, చివరి పేజీలో ‘ప్రతులకు’ అన్నచోట వేసే ఇంటి అడ్రసూ మనదే. అందుకని కెప్లర్ కథను నేను ఖగోళశాస్త్రం కోసం కాక, పుస్తకాల లెక్కల కోసం చదవడం మొదలుపెట్టాను. అక్కడ దొరికింది ఎక్కువ.

అప్పట్లో ఫ్రాంక్‌ఫర్ట్ సంత ఏడాదికి రెండుసార్లు, వసంతంలో ఒకటి, శరత్తులో ఒకటి. మైన్ నది మీద పడవల్లో, బళ్ళ మీద పీపాలు దిగేవి. ఆ పీపాల్లో ఉండేది సారా కాదు, బైండు చెయ్యని అచ్చు కాగితాలు. కొన్నవాడు తన ఊరు పట్టుకెళ్ళి తనకు నచ్చిన అట్ట వేయించుకునేవాడు. నది ఒడ్డున సెయింట్ లియోన్‌హార్డ్ చర్చి దగ్గర పుస్తకాలవాళ్ళకంటూ ఒక వీధే ఉండేది. 1564లో ఆగ్స్‌బర్గ్ వ్యాపారి గేయోర్గ్ విల్లర్, సంతకు ఏయే కొత్త పుస్తకాలు వచ్చాయో జాబితా అచ్చు వేసి అమ్మడం మొదలుపెట్టాడు. 1598 నుంచి నగర పాలకులే ఆ పని చేతిలోకి తీసుకున్నారు. పారిస్ నుంచి జెనీవాకు వెళ్ళి స్థిరపడ్డ ప్రింటరు ఆన్రీ ఎత్యేన్ 1574లో ఈ సంతను పొగుడుతూ ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. కవులూ తత్వవేత్తలూ ఒకే వీధిలో ఎదురుపడే చోటని ఆయన మురిసిపోయాడు.

ఎత్యేన్ పెద్దగా పట్టించుకోనిది ఒకటుంది. ఆ వీధిలో చేతులు మారేది నాణేల కంటే కాగితమే ఎక్కువ. ఫారానికి, అంటే అచ్చు కాగితానికి, ఫారం బదులు. వెనిస్‌వాడు తన పుస్తకం నూరు ఫారాలిచ్చి బాసెల్‌వాడి పుస్తకం నూరు ఫారాలు తీసుకెళ్ళేవాడు. తేడా మిగిలితే ఖాతాలో రాసుకుని వచ్చే సంతలో తేల్చుకునేవారు. కొట్టు నడిపేవాడికి ఇది దివ్యంగా ఉంటుంది. ఒకే పుస్తకం పట్టుకొచ్చినవాడు చూస్తే రచయిత. బదులుగా వచ్చిన జర్మన్ ప్రార్థన పుస్తకాలూ లాటిన్ వ్యాకరణాలూ అతనేం చేసుకుంటాడు? కాగితం కొన్న అప్పు తీరాలంటే అతనికి నగదు కావాలి, నగదేమో ఆ సంతలో అందరికంటే వెనక నడిచేది. సొంతంగా అచ్చు వేసుకున్నవాడికి సంత కట్టింది కాదు. వ్యాపారుల కోసం వ్యాపారులు కట్టుకున్నది. ఇవాళ్టి సాహిత్య సభల్లో, పుస్తక ప్రదర్శనల్లో మనవాళ్ళు పడే నిరాశలో సగం ఇది తెలియకపోవడం వల్లే వస్తుంది. (మన సభల్లో ఫారానికి ఫారం పద్ధతి ఇంకా పోలేదు. ‘నా పుస్తకం మీకు, మీ పుస్తకం నాకు’ అని సంతకాలు పెట్టి మార్చుకుంటాం. వచ్చేటప్పుడు సంచీ ఎంత బరువో, వెళ్ళేటప్పుడూ అంతే.)

మరి రచయిత ఎందుకు వెళ్ళాలి? మొదటిసారి కెప్లర్ వెళ్ళలేదు, పుస్తకం ఒక్కటే వెళ్ళింది. పేరు తప్పు పడింది, దిద్దేవాడు లేడు. ఆ పుస్తకానికి పేరు తెచ్చింది సంత కాదు, కెప్లర్ స్వయంగా పంచిపెట్టిన ప్రతులు. ఇటలీ వెళ్తున్న మనిషి చేత పంపినవాటిలో ఒకటి పాదువాలో గెలీలియోకు చేరింది. 1597 ఆగస్టు 4న ఆయన జవాబు రాశాడు. ఇంకో ప్రతి ఖగోళ పరిశీలకుడు టైకో బ్రాహీకి చేరింది. ఆ పరిచయమే 1600లో కెప్లర్‌ని ఆయన దగ్గరికి, ప్రాగ్ దాకా నడిపించింది. ఇది చూసి, ‘పోస్టులో పంపితే చాలదా, స్టాలు అద్దె ఎందుకు దండగ’ అని వాదించే మిత్రులున్నారు. పండితులకు పోస్టు చాలు. కొట్టువాళ్ళకు చాలదు. 1621లో ఆ మొదటి పుస్తకానికి రెండో ముద్రణ వచ్చింది, ఈసారి అచ్చయింది ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే. వేయించినవాడు ఆ ఊరి పుస్తక వ్యాపారి గోట్‌ఫ్రీడ్ టంపాఖ్. అంతకు రెండేళ్ళ ముందు, గ్రహాల మూడో నియమం ఉన్న ‘హార్మోనికెస్ ముండి’కి పెట్టుబడి పెట్టిందీ అతనే. పాతికేళ్ళలో కెప్లర్‌కి ఒక వ్యాపారితో పొత్తు కుదిరింది. అలాంటి పొత్తు ఉత్తరాలతో కుదరదని నా నమ్మకం.

అసలు కథ ‘రుడాల్ఫ్ పట్టికలు’. టైకో బ్రాహీ జన్మంతా చేసిన పరిశీలనలను ఆధారం చేసుకుని, ఏ రోజు ఏ గ్రహం ఎక్కడుంటుందో ఎవరైనా లెక్క కట్టుకునేలా చేసిన గ్రంథం. 1601లో టైకో పోయాడు. పుస్తకం 1627లో బయటికొచ్చింది. మధ్యలో రుడాల్ఫ్ చక్రవర్తీ పోయాడు, ముప్ఫై ఏళ్ళ యుద్ధమూ మొదలైంది. అచ్చు ఖర్చు ఖజానా పెట్టాలి. ఖజానా కెప్లర్‌కే 6,299 గుల్డెన్ల జీతం బాకీ. ఆయన వియన్నా వెళ్ళి కూర్చుంటే, ఆ డబ్బు మూడు నగరాలు చెల్లించాలని కాగితాలు రాసిచ్చారు. న్యూరెంబర్గ్ ఇవ్వలేదు. కెంప్టెన్, మెమింగెన్ ఇచ్చినదాంతో కాగితం కొన్నాడు. మిగతాది చేతి డబ్బు. అంకెలకూ, గ్రహాల గుర్తులకూ కావలసిన టైపు కూడా సొంత ఖర్చుతో పోత పోయించుకున్నాడు.

కెప్లర్ అప్పుడు ఉంటున్న లింట్స్‌లో పని మొదలైంది. 1626 జూన్‌లో తిరగబడ్డ రైతులు ఊరిని ముట్టడించారు. ఆ మంటల్లో ప్రెస్సు కాలిపోయింది. నవంబరులో కెప్లర్ కుటుంబాన్నీ, పుస్తకాలనూ, టైపునూ పడవెక్కించి డాన్యూబ్ మీద ఎదురెక్కాడు. భార్యా పిల్లలను రీగెన్స్‌బర్గ్‌లో దింపి, ఒక్కడే ఉల్మ్ చేరాడు. అక్కడి ప్రింటరు యోనాస్ సౌర్‌తో రోజూ తగువే. ఫిబ్రవరి చలిలో, విసుగెత్తి, ట్యూబింగెన్‌లో ఇంకో ప్రెస్సు చూసుకుందామని బయల్దేరాడు. ఒంటి మీద పుళ్ళు, గుర్రమెక్కి కూర్చోలేడు. నడిచాడు. బ్లౌబోయ్‌రెన్ దాకా వెళ్ళేసరికి ఓపిక అయిపోయింది. వెనక్కొచ్చి మళ్ళీ సౌర్ ముందే నిలబడ్డాడు. ప్రెస్సువాడి మీద అలిగి మళ్ళీ వాడి దగ్గరికే వెళ్ళని సొంత ప్రచురణకర్త ఎవరైనా ఉంటే నాకు చూపించండి.

ఆ పుస్తకం ముందు పేజీ బొమ్మ చూడాలి. ఇప్పుడు కంప్యూటరు తెర మీద ఎంత కావాలంటే అంత పెద్దది చేసుకుని చూడొచ్చు. ఒక మంటపం, దాని స్తంభాల దగ్గర హిప్పార్కస్, టాలెమీ, కోపర్నికస్, టైకో. కప్పు మీద దేవతామూర్తులు. వాళ్ళలో ఒకామె తల చుట్టూ 6931472 అని అంకెలు. అది రెండు యొక్క సహజ సంవర్గమానం, దశాంశ బిందువు లేకుండా. లెక్కల మేష్టార్లకు మాత్రమే పేలే చతురు అది. పైన చక్రవర్తి గద్ద ముక్కులోంచి నాణేలు రాలుతున్నాయి. కింద పీఠం మీద చిన్న గదిలో కొవ్వొత్తి వెలుగులో కెప్లర్ బల్ల ముందు కూర్చుని ఉన్నాడు, బల్లగుడ్డ మీద అంకెలు గీకి ఉన్నాయి. పైనుంచి రాలిన నాణేల్లో ఆ బల్ల దాకా వచ్చినవి ఒకటో రెండో. అదే పీఠం మీద ఇంకో పక్క అచ్చు యంత్రం దగ్గర పనివాళ్ళు. నేను చూసిన పాత శాస్త్ర గ్రంథాల్లో, పుస్తకానికి డబ్బెవడిచ్చాడో, ఎవడివ్వలేదో ఇంత మర్యాదగా బొమ్మలో చెప్పినది ఇంకోటి లేదు.

సెప్టెంబరులో వెయ్యి ప్రతులు పూర్తయ్యాయి. ఈసారి కెప్లర్ తానే సరుకు తీసుకుని ఫ్రాంక్‌ఫర్ట్ శరత్కాలపు సంతకు వెళ్ళాడు. అక్కడ చక్రవర్తి తరఫున పుస్తకాల అధికారి ఉండేవాడు. ఆయన చూసి ధర కట్టాడు: ప్రతి ఒక్కంటికి 3 గుల్డెన్లు.

ఆ 3 అనే అంకె దగ్గర నేను చాలాసేపు ఆగాను. ఇరవయ్యారేళ్ళు, కాలిన ప్రెస్సు, నడిచిన దారి కలిపి లెక్కేస్తే ఎంతవుతుందో కెప్లర్‌కి తెలుసు. సంతకు తెలియదు, అక్కర్లేదు కూడా. విజయవాడ పుస్తక ప్రదర్శనలో ఒకసారి పక్క స్టాలు కుర్రాడు నా పుస్తకం చేతిలో ఎగరేసి బరువు చూసి, పేజీలు గబగబా తిప్పి, “మేష్టారూ, మీరు పడ్డ కష్టానికి కాదండీ రేటు, ఫారాలకి” అన్నాడు. నూట యాభై పెట్టానంటే, నూటపాతిక దాటితే ఈ మందానికి చెయ్యి పడదన్నాడు. నాకు తెలిసిన సాహిత్యకారులెవరూ అంత సూటిగా ఏదీ చెప్పలేదు. 1989 నుంచి ఆ ప్రదర్శన జరుగుతోంది. అక్కడ నా పుస్తకాలు ఎన్ని అమ్ముడయ్యాయన్నది నాకు ముఖ్యం కాదు. ఏ బైండరు జిగురు ఎండాకాలానికి ఊడదో, ఏ ఊరి షాపువాడు సగానికి సగం కమీషను తీసుకున్నా లెక్క సరిగ్గా పంపుతాడో, ఏ సైజు పుస్తకం బీరువాలో నిలబడదో అక్కడే తెలిసింది. వేదిక మీద ఉపన్యాసాల్లో కాదు, సాయంత్రం కరెంటు పోయినప్పుడు స్టాళ్ళ వెనక టీ తాగేచోట.

కెప్లర్‌కి ఫ్రాంక్‌ఫర్ట్‌లో దక్కిందీ ఇలాంటిదే అనుకుంటాను. డబ్బు రాలేదు. కానీ పుస్తకానికి అంగీకరించిన ధర ఉంది, ధరతో పాటు బజారు ఉంది. ఆ ప్రయాణంలోనే బుట్స్‌బాఖ్ ప్రభువు ఫిలిప్ దగ్గరికి వెళ్ళాడు. ఆయనకు ఆకాశం అంటే పిచ్చి, దుర్భిణి ఉన్నవాడు. ఏడాది చివర ప్రాగ్ వెళ్ళి పుస్తకం అప్పటి చక్రవర్తి చేతిలో పెట్టాడు. చక్రవర్తి సంతోషించి 4,000 గుల్డెన్లు ప్రకటించాడు, కాగితం మీద. అక్కడి నుంచి సేనాపతి వాలెన్‌స్టైన్ కొలువులోకి, 1628లో సాగన్ ఊరికి వెళ్ళాడు. టైకో వారసులు మాత్రం ముందుమాటల మీద పేచీ పెట్టి, మొదటి పేజీలు మళ్ళీ అచ్చు వేయించేదాకా వదల్లేదు.

సాగన్‌లో కెప్లర్ ఇక ఏ ప్రెస్సువాడితోనూ పడలేనని సొంత ప్రెస్సు పెట్టుకున్నాడు. అప్పటికి పుస్తకాల వ్యాపారం ఎలా నడుస్తుందో ఆయనకు బాగా వంటబట్టిందనడానికి 1630 అక్టోబరు చూస్తే చాలు. రీగెన్స్‌బర్గ్‌లో రాజుల సభ, లింట్స్‌లో రావలసిన వడ్డీ. ఆ ప్రయాణానికి బయల్దేరే ముందే పుస్తకాలు లైప్‌సిగ్ శరత్కాలపు సంతకు పంపాడు. తానూ దారిలో అక్కడ ఆగాడు. తర్వాత ఒక బక్క గుర్రం మీద రీగెన్స్‌బర్గ్ చేరి, జ్వరంతో పడి, నవంబరు 15న పోయాడు. 58 ఏళ్ళు.

పట్టికలు మాత్రం పని చేస్తూనే ఉన్నాయి. 1631 నవంబరు 7న బుధగ్రహం సూర్యబింబం మీదుగా దాటుతుందని, కనిపెట్టుకుని ఉండమని కెప్లర్ ముందే 1629లో లైప్‌సిగ్‌లో ఒక చిన్న కరపత్రం అచ్చు వేయించాడు. ఆ రోజు పారిస్‌లో గసెండీ అనే ఖగోళ పరిశీలకుడు కనిపెట్టుకుని కూర్చున్నాడు, చిన్న నల్లటి చుక్క కనిపించింది. పాత పట్టికల లెక్కలు చాలా దూరం తప్పాయి.

సాగన్‌లో సగం అచ్చయి ఆగిపోయిన పుస్తకం ఒకటి మిగిలింది, చంద్రుడి మీదికి ప్రయాణం గురించిన ‘సోమ్నియం’. ఇల్లు గడవక వితంతువు దాన్ని పూర్తి చేయించమని సవతి కొడుకు లూడ్విగ్‌ను అడిగింది. 1634లో మిగతా ఫారాలు ఫ్రాంక్‌ఫర్ట్‌లో అచ్చయ్యాయి. ముఖపత్రం మీద ప్రచురణకర్త పేరు ఉండాల్సిన చోట, రచయిత వారసుల ఖర్చుతో అని ఉంది.